చీకట్లో సాగిన రేసు: టూర్ డి ఫ్రాన్స్ తొలి పదేళ్ళ లెక్కలు

1903 జులై 1, మధ్యాహ్నం 3 గంటల 16 నిమిషాలు. పారిస్ శివారు మోంజెరోన్‌లో 'రెవెయ్ మతాన్' అనే హోటల్ ముందు నుంచి 60 మంది సైకిళ్ళెక్కి బయలుదేరారు. ఆ హోటల్ పేరుకు అర్థం అలారం గడియారం. చేరాల్సిన ఊరు లియోన్, 467 కిలోమీటర్ల దూరం. మరుసటి రోజు ఉదయం 9 గంటల ప్రాంతంలో మోరిస్ గారాన్ అందరికంటే ముందు లియోన్ చేరాడు. పట్టిన సమయం 17 గంటల 45 నిమిషాల 13 సెకన్లు. అతని వెనకే 55 సెకన్ల తేడాతో పాజీ అనే మరో రైడర్ వచ్చాడు.

బయలుదేరడం జనం చూశారు, చేరడమూ చూశారు. మధ్యలో ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము గడిచాయి. ఆ పూట ఎవరు ఏం చేశారో పూర్తిగా చూసినవాళ్ళు లేరు. టీవీ లేదు, రేడియో లేదు, వెంట వెళ్ళే కార్ల వరస అంతకన్నా లేదు. ఫ్రాన్స్ చుట్టూ సాగే ఈ సైకిల్ రేసు, అంటే టూర్ డి ఫ్రాన్స్ గురించి చెప్పేటప్పుడు పర్వతాలు, ముందంజలో ఉన్నవాడు వేసుకునే పసుపు జెర్సీ, వీరగాథలు ముందుకొస్తాయి. తొలి పదేళ్ళ టూర్‌ను అర్థం చేసుకోవాలంటే మాత్రం అంతకన్నా మామూలు ప్రశ్న ఒకటి అడగాలి. కంటికి కనిపించని రేసులో గెలిచింది ఎవరని ఎలా తేల్చారు? నిర్వాహకులు దీనికి చెప్పిన జవాబు పదేళ్ళలో రెండుసార్లు మారింది. మారిన ప్రతిసారీ కారణం, రేసు మీద వాళ్ళ నిఘా ఎంత దూరం సాగుతోందన్నదే.

ఈ రేసు పుట్టింది పత్రికల పోటీలో. ఫ్రాన్స్‌లో అప్పట్లో క్రీడావార్తలకు పెద్ద దిక్కు 'లె వేలో' అనే దినపత్రిక. ఆకుపచ్చ కాగితం మీద వచ్చేది. దాని సంపాదకుడు ప్యేర్ జిఫార్. 1891లో పారిస్-బ్రెస్త్-పారిస్ రేసును మొదలుపెట్టించినవాడు ఇతనే. ద్రేఫుస్ అనే యూదు సైనికాధికారిపై దేశద్రోహం నేరం మోపిన కేసు అప్పుడు ఫ్రాన్స్‌ను నిలువునా చీల్చింది. జిఫార్ ద్రేఫుస్ వైపు నిలబడ్డాడు. పత్రికకు ప్రకటనలిచ్చే కార్ల, టైర్ల వ్యాపారుల్లో చాలామందిది ఎదుటి పక్షం. ప్రకటనల రేట్ల మీద కూడా వాళ్ళకు అతనితో పేచీ ఉంది. ద ద్యోన్ ప్రభువు, క్లెమాన్, మిషెలిన్ వంటివాళ్ళు కలిసి 1900 అక్టోబరులో సొంత పత్రిక పెట్టుకున్నారు. పేరు 'లాటో-వేలో', కాగితం పసుపు, సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. దెగ్రాంజ్ కూడా పాత సైక్లిస్టే. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి తొలి అధికారిక గంట రికార్డు నెలకొల్పాడు.

కొత్త పత్రిక నడక బాగాలేదు. దానికితోడు, పేరులో 'వేలో' (అంటే సైకిల్) వాడుకున్నారని జిఫార్ కోర్టుకెక్కి 1903 జనవరిలో గెలిచాడు. పత్రిక పేరు ఉత్త 'లాటో'గా మిగిలింది. సైకిల్ వార్తల కోసం పత్రిక కొనే పాఠకుడికి పేరులో సైకిలే లేకుండా పోయింది. అయితే ఆ దెబ్బ తగిలేలోపే సంపాదకుడి చేతిలో ఒక ఆలోచన ఉంది. 1902 నవంబరులో పారిస్‌లోని ఒక హోటల్లో భోజనం చేస్తూ జెయో లెఫెవ్ అనే కుర్ర విలేకరి దాన్ని చెప్పాడు. ట్రాక్ మీద ఆరు రోజుల రేసులు జరుగుతున్నాయి కదా, అలాంటిదే దేశం చుట్టూ రోడ్ల మీద పెడితే ఎలా ఉంటుంది అని. దెగ్రాంజ్‌కు నమ్మకం కుదరలేదు. డబ్బు లెక్కలు చూసే విక్తోర్ గొద్దే ఒప్పుకున్నాక పని ముందుకు కదిలింది. 1903 జనవరి 19న పత్రికలో ప్రకటన వచ్చింది.

అప్పటికే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కే రేసులు చాలా ఉన్నాయి. కొత్తదనమంతా స్టేజీల్లో ఉంది. మన దగ్గర బస్సు ఆగే చోటును స్టేజీ అంటాం. ఇక్కడ ఒక ఆగే చోటి నుంచి ఇంకో ఆగే చోటి దాకా ఉన్న దూరం స్టేజీ. ఒకరోజు రేసు ఒకరోజు వార్తతో అయిపోతుంది. ఆరు స్టేజీల రేసు పందొమ్మిది రోజుల వార్త. స్టేజీకీ స్టేజీకీ మధ్య ఉన్న విశ్రాంతి రోజులు రైడర్లకు ఎంత అవసరమో పత్రికకూ అంతే అవసరం. నిన్న ఏం జరిగిందో తీరిగ్గా రాసుకోవచ్చు, రేపు ఏం జరగబోతోందో ఊరించవచ్చు. వారపత్రికల్లో సీరియల్ చదివిన తెలుగు పాఠకుడికి ఈ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది చూసేవాళ్ళ కోసం కాక చదివేవాళ్ళ కోసం తయారైన రేసు. స్టేజీలు 400 కిలోమీటర్లు దాటడం వెనకా ఇదే ఉంది. ఇంట్లో కూర్చుని చదివేవాడు నోరెళ్ళబెట్టాలంటే, మనిషి రాత్రంతా సైకిల్ తొక్కాడని రాయాలి.

మొదట ఐదు వారాల రేసు అనుకున్నారు. చేరినవాళ్ళు పదిహేను మంది దగ్గరే ఆగిపోయారు. అప్పుడు దెగ్రాంజ్ రేసును జులైకి జరిపి 19 రోజులకు కుదించాడు. 20 ఫ్రాంకుల ప్రవేశ రుసుమును 10కి దించాడు. మొత్తం బహుమతులు 20,000 ఫ్రాంకులు. గంటకు 20 కిలోమీటర్ల సగటు వేగం నిలబెట్టుకున్న మొదటి 50 మందికి రోజుకు 5 ఫ్రాంకుల బత్తా ఇస్తానన్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడి రోజు కూలి కూడా సుమారు అంతే. దాంతో పేరున్న రైడర్లతో పాటు చేతివృత్తులవాళ్ళు, కూలిపనివాళ్ళు కూడా వచ్చారు. ఇన్ని చేసిన దెగ్రాంజ్ మాత్రం తొలి రేసు వెంట వెళ్ళలేదు. పరువు పోతే తాను దగ్గర లేకపోవడమే మేలనుకున్నాడు. ఆలోచన చెప్పిన పాపానికి లెఫెవ్ అన్నీ అయ్యాడు. రేసు డైరెక్టర్, న్యాయనిర్ణేత, విలేకరి మూడు పాత్రలూ అతనివే. కొంత దూరం సైకిల్ మీద, కొంత దూరం రైల్లో రేసును వెంటాడాడు.

నిఘాకు ఉన్న సాధనాలు ఎంత తక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది. దారిలో కొన్ని ఊళ్ళలో తనిఖీ కేంద్రాలు పెట్టారు. రైడర్ దిగి రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్ళాలి. కొన్ని కేంద్రాలు ఎక్కడ ఉంటాయో ముందుగా చెప్పరు. ముందు వేరేవాళ్ళు తొక్కుతూ గాలికి అడ్డు కాసే పద్ధతిని నిషేధించారు. అప్పటి పెద్ద రోడ్డు రేసుల్లో అది మామూలే. ఎవరి సైకిల్ వాళ్ళే బాగు చేసుకోవాలన్నది ఇంకో నియమం. ఇంతకుమించి ఏమీ లేదు. రెండు సంతకాల మధ్య వంద కిలోమీటర్ల చీకటి ఉంటే, ఆ చీకట్లో రైడర్ మాటే సాక్ష్యం.

ఇలాంటి రేసులో విజేతను గడియారంతో తేల్చారు. ఆరు స్టేజీల్లో పట్టిన సమయమంతా కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళదే గెలుపు. వినడానికి ఇంతకన్నా న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. గారాన్ 2,428 కిలోమీటర్లను 94 గంటల 33 నిమిషాల 14 సెకన్లలో ముగించాడు. సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల పైచిలుకు. రోడ్లు మట్టివి, సైకిల్‌కు ఒకటే గేరు, బరువు నేటి రేసు సైకిల్‌కు రెండింతల పైనే. రెండో స్థానంలో వచ్చిన లూసియన్ పోత్యే దాదాపు 3 గంటలు వెనకబడ్డాడు. టూర్ చరిత్రలో అంత పెద్ద తేడా మళ్ళీ రాలేదు. చివరగా, అంటే 21వ స్థానంలో, పారిస్ చేరిన ఆర్సెన్ మియోషో గారాన్‌కన్నా దాదాపు 65 గంటలు ఆలస్యం. రెండున్నర రోజులు దాటిన ఆలస్యంతో కూడా రేసు పూర్తి చేసినవాడిగా పేరు దక్కింది.

గారాన్ ఇటలీ సరిహద్దు కొండల్లోని ఆర్వ్యే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడు ఇళ్ళ పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేశాడు. పేరు వచ్చాక కూడా పత్రికలు అతన్ని 'చిన్న పొగగొట్టాలవాడు' అనే పిలిచాయి. పారిస్-రూబే రేసు రెండుసార్లు, పారిస్-బ్రెస్త్-పారిస్ ఒకసారి అప్పటికే గెలిచి ఉన్నాడు కాబట్టి 1903లో గెలవడం ఆశ్చర్యం కాదు. ప్రధాన ప్రత్యర్థి ఇపోలిత్ ఓకుతూర్యే మొదటి స్టేజీలోనే కడుపునొప్పితో ఆగిపోయాడు. ఒక స్టేజీ మానేసినవాడు మొత్తం పోటీలో లేకపోయినా తర్వాతి స్టేజీలు విడిగా తొక్కవచ్చని నియమం ఉండేది. దాన్ని వాడుకుని రెండో, మూడో స్టేజీలు గెలిచాడు. మొత్తం లెక్కలో అతని పేరు లేదు, వార్తల్లో మాత్రం రోజూ ఉంది. పత్రికకు కావాల్సింది కూడా అదే. లాటో అమ్మకాలు 25,000 ప్రతుల స్థాయి నుంచి 65,000కు చేరాయి. మరుసటి ఏడాదికల్లా లె వేలో మూతపడింది.

గడియారం లెక్కలో ఉన్న లోపం 1904లో బయటపడింది. అదే దారి, అవే ఆరు స్టేజీలు. ఈసారి రేసు అంటే ఏమిటో ఊళ్ళకు తెలుసు, ఎవరు ఎవరివాడో కూడా తెలుసు. మొదటి స్టేజీలోనే ముసుగులు కట్టుకున్న నలుగురు కారులో వచ్చి గారాన్, పోత్యేల మీద దాడికి దిగారు. రెండో స్టేజీలో సెయింట్-ఎతియెన్ దగ్గరి కొండదారిలో, చీకట్లో, కర్రలు పట్టుకున్న గుంపు కాపు కాసింది. తమ ఊరి రైడర్ ఆంత్వాన్ ఫోర్‌కు దారి ఇచ్చి, అతను దాటగానే మిగతావాళ్ళ మీద పడింది. ఇటలీ రైడర్ జొవాన్ని జెర్బీ వేళ్ళు విరిగి ఇంటిదారి పట్టాడు. నిర్వాహకులు గాల్లోకి తుపాకీ పేల్చాకే గుంపు చెదిరింది. తర్వాతి స్టేజీలో నీమ్ దగ్గర మళ్ళీ అదే గొడవ. నియమం తప్పినందుకు తొలగించిన స్థానిక రైడర్ పాయాన్ అభిమానులు దారికి అడ్డం పడ్డారు. రోడ్ల మీద మేకులు చల్లినవాళ్ళు వేరే.

ఇవి బయటివాళ్ళ పనులు. రైడర్ల పనులు నెమ్మదిగా తెలిశాయి. ఆ ఏడాది కూడా గారాన్ గెలిచాడు, పోత్యే రెండో స్థానం. ఫిర్యాదులు విన్న ఫ్రాన్స్ సైక్లింగ్ సంఘం నాలుగు నెలలు విచారించి నవంబరు ఆఖరులో తీర్పు చెప్పింది. గారాన్, పోత్యే, గారాన్ తమ్ముడు సెజార్, ఓకుతూర్యే, అంటే మొదటి నలుగురూ అనర్హులు. ఒక్క స్టేజీ విజేతకూ గెలుపు మిగల్లేదు. ఐదో స్థానంలో ఉన్న ఆన్రీ కోర్నేకు టైటిల్ ఇచ్చారు. రేసు ముగిసేనాటికి అతనికి 20 ఏళ్ళు కూడా నిండలేదు. ఇప్పటికీ అతి చిన్న వయసు విజేత అతనే. అంతటి కోర్నేకు కూడా రేసు మధ్యలో కారు సాయం తీసుకున్నాడని ఒక హెచ్చరిక పడింది! ఎవరెవరు కచ్చితంగా ఏ తప్పు చేశారో సంఘం వివరంగా ప్రకటించలేదు. ఆ ఖాళీలో కథలు పెరిగాయి. రైలెక్కారని, కారుకు కట్టిన తీగ చివర బెండు ముక్కను పళ్ళతో పట్టుకుని లాగించుకున్నారని చెప్పుకున్నారు. బెండు ముక్క కథ నిజమో కాదో గాని, అలాంటిది జరగడానికి వీలున్న రేసు అని జనం నమ్మారు. నిర్వాహకుల తలనొప్పి అదే. ఈ రేసు తన విజయానికి తానే బలైపోయిందని, రెండోదే ఆఖరుదని దెగ్రాంజ్ తన పత్రికలో రాసుకున్నాడు. అది ఎంత బాధ, ఎంత అమ్మకాల తెలివి అన్నది విడదీయడం కష్టం. మరుసటి ఏడాది రేసు మళ్ళీ జరిగింది.

1905లో వచ్చిన మార్పులను విడివిడిగా చూస్తే చిల్లర సవరణల్లా ఉంటాయి. కలిపి చూస్తే ఒకే ఆలోచన కనిపిస్తుంది. ఆరు స్టేజీలు పదకొండయ్యాయి. 1903లో ఆరింటిలో నాలుగు స్టేజీలు 420 కిలోమీటర్లు దాటితే, 1905లో అన్నిటికన్నా పొడవైనది, గ్రెనోబుల్ నుంచి తులోన్‌కు, 348 కిలోమీటర్లు. రాత్రంతా తొక్కే పని తప్పింది. తెల్లవారకముందే బయలుదేరడం మాత్రం పోలేదు. వీటన్నిటికన్నా పెద్ద మార్పు, గడియారాన్ని పక్కన పెట్టి పాయింట్లు తేవడం. స్టేజీలో ఎన్నో స్థానంలో వస్తే దాన్నిబట్టి పాయింట్లు, చివరికి తక్కువ పాయింట్లున్నవాడు విజేత.

ఇది ఎందుకు పనికొస్తుందో చూడాలంటే దొంగ వైపు నుంచి ఆలోచించాలి. సమయం లెక్కలో చీకట్లో రైలెక్కి రెండు గంటలు కొట్టేస్తే, ఆ రెండు గంటలు రేసు ముగిసేదాకా ఖాతాలో ఉంటాయి. ఒక రాత్రి చేసిన మోసం మూడు వారాలు కాపాడుతుంది. పాయింట్ల లెక్కలో అదే మోసం ఆ రోజుకు కొన్ని స్థానాలు ఇస్తుంది, అంతే. రేపు మళ్ళీ మొదటి నుంచి. అంటే మొత్తం రేసు దొంగిలించాలంటే రోజూ దొంగతనం చేయాలి, రోజూ చేసేవాడు ఎప్పుడో ఒకసారి దొరుకుతాడు. మేకుల సంగతీ అంతే. ఒక పంక్చర్‌కు గంట పోయినా మొత్తం రేసు పోదు. మేకులు చల్లడం ఆగిందా అంటే, లేదు. 1905 మొదటి స్టేజీలోనే చల్లారు, దాదాపు అందరి టైర్లూ పోయాయి. రేసు ఆపేస్తానన్న దెగ్రాంజ్‌ను రైడర్లే ఒప్పించారు. పాత లెక్కయితే ఆ ఉదయమే సగం మందికి రేసు అయిపోయేది.

పాయింట్లలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. స్టేజీ చివర ఎవరు ముందు వచ్చారన్నది వందలమంది కళ్ళముందు తేలుతుంది. కొలవలేని దారిని వదిలేసి, కొలవగలిగిన గీత దగ్గర మాత్రమే కొలవడం అన్నమాట. తాము చూడలేని చోటు ఉందని నిర్వాహకులు ఒప్పుకున్నట్టే. ఆ ఒప్పుకోలు పైకి చెప్పకుండా నియమాల పుస్తకంలో రాసుకున్నారు.

ఆ ఏడాది లూయీ త్రుసెల్యే 35 పాయింట్లతో గెలిచాడు. రెండో స్థానంలో ఓకుతూర్యే, 61. రేసు కథ అక్కడికి సరిపోయింది. అసలు చిక్కు మరుసటి ఏడాది కనిపించింది. 1906లో నాన్సీ-దిజోన్ స్టేజీలో రెనే పొత్యే కొండ మీద అందరినీ వదిలేసి 220 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. (ఇతను పై పోత్యే కాడు, వేరే మనిషి.) రెండోవాడు 48 నిమిషాల తర్వాత వచ్చాడు. ఆ 48 నిమిషాలకు అతనికి దక్కిందేమిటి? ఒక స్థానం. గీత దగ్గర చక్రం తేడాతో గెలిచినా సరిగ్గా అంతే దక్కేది. పొత్యే మరెన్నో స్టేజీలు గెలిచి 31 పాయింట్లతో టూర్ నెగ్గాడు కాబట్టి అన్యాయం జరిగినట్టు ఎవరికీ అనిపించలేదు. లెక్కలో ఉన్న వింత మాత్రం అలాగే ఉంది.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. నాలుగు స్టేజీల రేసు అనుకుందాం. ఒకడు మూడు స్టేజీలు నిమిషం తేడాతో గెలిచి, నాలుగోదాంట్లో రెండు గంటలు వెనకబడి ఐదో స్థానంలో వచ్చాడు. అతని పాయింట్లు 8. ఇంకొకడు మూడుసార్లు నిమిషం వెనక మూడో స్థానంలో వచ్చి, నాలుగోది గెలిచాడు. అతనివి 10. పాయింట్లలో మొదటివాడు విజేత. గడియారంలో చూస్తే రెండోవాడు దాదాపు రెండు గంటల ముందున్నాడు. ఇద్దరిలో ఎవరు మంచి రైడర్ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మూడుసార్లు గెలిచినవాడా, ఎప్పుడూ కూలిపోనివాడా?

ఇది కాగితం మీది ఉదాహరణే కాదు, పక్కదేశంలో అక్షరాలా జరిగింది. టూర్‌ను చూసి ఇటలీలో గులాబీ రంగు కాగితంపై వచ్చే 'గజెత్తా దెల్లో స్పోర్త్' పత్రిక 1909లో జీరో డి ఇటాలియా మొదలుపెట్టింది. మే 13న మిలాన్ నుంచి 127 మంది బయలుదేరారు. 8 స్టేజీలు, 2,448 కిలోమీటర్లు, చివరిదాకా వచ్చినవాళ్ళు 49 మంది. ఇక్కడా పాయింట్లే. తాపీమేస్త్రీగా బతుకు మొదలుపెట్టిన లుయీజి గన్నా 25 పాయింట్లతో గెలిచాడు. గాలెత్తికి 27, జొవాన్ని రొస్సిన్యోలికి 40. గడియారం ప్రకారం కలిపి ఉంటే గెలిచేవాడు గన్నా కాదు, మూడో స్థానంలో ఉన్న రొస్సిన్యోలి. ఇద్దరూ అవే రోడ్ల మీద, అవే రోజుల్లో తొక్కారు. వాళ్ళ కాళ్ళు చేసిన పని మారలేదు, కలిపిన తీరే మారింది. ఇంతకీ పాయింట్లు ఉన్నా రైళ్ళు ఖాళీగా పోలేదు. ఆ తొలి జీరోలోనే కొందరు రైలెక్కి, ఎదురుచూడని తనిఖీ కేంద్రం దగ్గర సంతకం లేక దొరికిపోయారు.

ఫ్రాన్స్‌లో పాయింట్ల మీద అసంతృప్తి ఇంకో దారిలో పెరిగింది. సమయం లెక్కలో నీ నిమిషాలు నీవి. పాయింట్ల లెక్కలో నీ స్థానం ఇతరుల చేతిలో కూడా ఉంటుంది. నీకూ నీ ప్రత్యర్థికీ మధ్య ఎంతమంది దూరారన్నదే లెక్క. నలుగురు స్నేహితులుంటే వాళ్ళను ప్రత్యర్థికి ముందు చేర్చి అతనికి నాలుగు పాయింట్లు ఎక్కువ పడేలా చేయవచ్చు. రైడర్లకు జీతాలిచ్చేది సైకిల్ కంపెనీలు కాబట్టి ఇది ఊహకే పరిమితం కాలేదు. 1905 నుంచి 1908 వరకు గెలిచినవాళ్ళంతా పెజో సైకిల్ మీద గెలిచారు. 1909 నుంచి 1912 వరకు అందరూ అల్సియోన్. 1907లో ముందంజలో ఉన్న ఎమీల్ జోర్జె నియమానికి విరుద్ధంగా సైకిల్ మార్చాడు. శిక్షగా పడిన పాయింట్లతో అతని చేతిలోంచి టూర్ జారిపోయి లూసియన్ పెటీ-బ్రెతోన్‌కు చేరింది. 1912లో మాజీ విజేత ఒక్తావ్ లాపీజ్ రేసు మధ్యలో వదిలేశాడు. బెల్జియం రైడర్లంతా, కంపెనీ తేడా లేకుండా, తమ దేశస్థుడు ఒడిల్ డెఫ్రేకు సాయపడుతున్నారన్నది అతని ఆరోపణ. డెఫ్రే 49 పాయింట్లతో గెలిచాడు. రెండో స్థానంలో యూజెన్ క్రిస్తోఫ్, 108. కాగితం మీద ఏకపక్ష విజయం. ఆ ఏడాది ఆల్ప్స్ కొండల్లో క్రిస్తోఫ్ ఎంత దూరం ముందుండి తొక్కాడో చూసినవాళ్ళకు ఆ 108 మింగుడుపడలేదు.

కొండలు వచ్చాక పాయింట్ల పద్ధతి ఇక నిలవలేని స్థితికి చేరిందనిపిస్తుంది. 1910లో దెగ్రాంజ్ సహాయకుడు అల్ఫోన్స్ స్టెనెస్ పిరనీస్ పర్వతాల దారి చూడటానికి వెళ్ళి, తూర్మలే కనుమ మీద మంచులో రాత్రివేళ చిక్కుకుని దాదాపు ప్రాణాల మీదకు తెచ్చుకున్నాడు. కిందికి దిగి, దారి భేషుగ్గా ఉందని టెలిగ్రాం కొట్టాడు. జులై 21న లూషోన్ నుంచి బయోన్‌కు 326 కిలోమీటర్లు, మధ్యలో పెరసూర్ద్, ఆస్పాన్, తూర్మలే, ఓబిస్క్ కనుమలు. ఓబిస్క్ ఎక్కుతున్న లాపీజ్ నిర్వాహకులను చూసి 'హంతకులు' అని తిట్టాడు. ఆ స్టేజీ గెలిచినదీ, ఆ ఏడాది టూర్ గెలిచినదీ అతనే. 63 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న ఫ్రాన్స్వా ఫాబేర్‌కన్నా నాలుగు తక్కువ. 1911లో ఆల్ప్స్‌లోని గాలిబియే కూడా వచ్చి చేరింది. చదునైన రోడ్డు మీద గుంపుగా తొక్కి ఆఖరి నిమిషంలో పరుగు తీసే స్టేజీకి, రైడర్ల మధ్య గంటల తేడా వచ్చే కొండల స్టేజీకి ఒకే విలువ ఇస్తే కొండలు పెట్టడమెందుకు? పత్రికలో పేజీలు నిండేది కొండల వల్ల, గెలుపు తేలేది మైదానంలో అంటే కథ కుదరదు.

ఈలోగా నిఘా పెరిగింది. కార్లు నమ్మదగ్గవయ్యాయి, రేసు వెంట నడిచాయి. స్టేజీలు చాలావరకు పగటిపూట సాగాయి. 1910 నుంచి వెనకబడినవాళ్ళను ఎక్కించుకునే బండి కూడా వచ్చింది. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'చీపురు బండి' అన్నారు. పదేళ్ళ కిందట లెఫెవ్ ఒక్కడే రైలు టైంటేబుల్ పట్టుకుని తిరిగిన చోట ఇప్పుడు అధికారుల బృందమే ఉంది. చీకటి తగ్గింది కాబట్టి గడియారాన్ని మళ్ళీ నమ్మవచ్చు. 1913లో టూర్ సమయం లెక్కకు తిరిగి వచ్చింది, అప్పటి నుంచి దాన్ని వదల్లేదు. (పాయింట్లు పూర్తిగా పోలేదు. 1953లో వచ్చిన ఆకుపచ్చ జెర్సీ పోటీ వాటితోనే నడుస్తుంది. అక్కడ మాత్రం ఎక్కువ పాయింట్లున్నవాడిది గెలుపు.) లెక్క మారగానే తేడాలు కూడా మారాయి. 1913లో ఫిలిప్ తీస్ 8 నిమిషాల 37 సెకన్ల తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాది చివరి రోజుల్లో అనుమతి లేకుండా చక్రం మార్చినందుకు అతనికి 30 నిమిషాల శిక్ష పడింది. అయినా 1 నిమిషం 50 సెకన్లతో గట్టెక్కాడు.

గడియారం తిరిగి వచ్చిన తొలి ఏడాదిలోనే దాని రెండో ముఖం కూడా కనిపించింది. బయోన్-లూషోన్ స్టేజీ, మొత్తం మీద గెలుపు అవకాశం ఉన్న స్థితిలో క్రిస్తోఫ్ తూర్మలే మీదికి చేరాడు. దిగుతుండగా సైకిల్ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. పాయింట్ల కాలమైతే అది ఒక చెడ్డ రోజు, కొన్ని స్థానాలు పోతాయి. ఇప్పుడు ప్రతి నిమిషమూ పోతుంది. అదే కంపెనీ సైకిల్ ఇంకొకటి తీసుకోవడానికి నియమం ఒప్పుకోదు, ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సెయింత్-మరీ-ద-కంపాన్ అనే ఊరు చేరాడు. అక్కడ ఒక కమ్మరి కొలిమి ఉంది. కమ్మరి చూస్తూ నిలబడ్డాడు, క్రిస్తోఫ్ తనే ఇనుము కాల్చి, కొట్టి, ఫోర్కు అతికాడు. పక్కనే అధికారులు, ఎవరూ చేయి వేయకుండా కాపలా.

పని చేస్తుంటే రెండు చేతులూ సరిపోలేదు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు సాయం పట్టాడు. అధికారులు రాసుకున్నారు. బయటి సాయం తీసుకున్నందుకు 10 నిమిషాల శిక్ష, తర్వాత దాన్ని 3కు తగ్గించారు. అప్పటికే అతను దాదాపు 4 గంటలు పోగొట్టుకున్నాడు.